ఉపాధ్యక్ష పదవికి పెళ్ళిచూపులు

లిలాంగ్వే,
ఫిబ్రవరి 4

లికోమా దీవిలోని గౌరవనీయులైన ఎనిఫా లిపోంగా అమ్మగారికి, గ్లాడ్సన్ కపేసా నమస్కరించి రాయునది:

నన్ను మీరెరగరు. పదకొండేళ్ళుగా మేలుకొలుపు పార్టీకి కార్యదర్శిని. మీ దీవికి ఫోను లేదట, అందుకని వారానికోసారి వచ్చే ఓడనే నమ్ముకుని ఇది రాస్తున్నాను.

అమ్మా, మా ఇంటి పేరు బాగా చెడింది. ఒకప్పుడు మా పెద్దాయన మోఫత్ చిటేటే గారి బొమ్మ అచ్చేసిన చిటెంజే గుడ్డ కట్టుకుని ఆడవాళ్ళు చర్చికి వెళ్ళేవారు. ఇప్పుడు అదే గుడ్డ సంతలో నేలమీద పరిచి, టమాటాలు సరిగ్గా ఆయన ముక్కుమీద కుప్ప పోస్తున్నారు. కిందటి ఏడు మా మంత్రిగారొకరు బావి ప్రారంభించారు. బావిలో నీళ్ళు లేవని ముందురోజు మనవాళ్ళే పోశారు. అందరి ముందూ మంత్రిగారు బకెట్టు దించి లాగితే, పోసినవాళ్ళ చెప్పు ఒకటి పైకొచ్చింది.

పెద్దాయన మే నెలలో అధ్యక్ష పదవికి నిలబడుతున్నారని రేడియోలో వినే ఉంటారు. ఆయన జోడీ సెప్టెంబరులో అలిగి వెళ్ళిపోయి వేరుకుంపటి పెట్టుకుంది. పక్క చోటు ఖాళీ. అక్కడ నిలబడి ఐదేళ్ళు ఆయన బరువు బాధ్యతల్లో సగం మోసే తోడు కావాలి. మచ్చలేని మనిషి కావాలి. లికోమాలో ముప్పై ఒక్క ఏళ్ళు మంత్రసానిగా చేసిన మీ పేరే అందరి నోటా వినపడింది. ఆ దీవిలో తిరిగే ప్రతివాడి మొదటి ఏడుపూ మీ చేతుల్లోనేనట!

ఇంతకన్నా విప్పి రాయలేను. అవతలి పార్టీవాళ్ళు మా ఉత్తరాలు ఆవిరి పట్టి విప్పి, చదివి, మళ్ళీ అంటిస్తున్నారు. ఇకమీద మనం ఇంటి సంగతులు మాట్లాడుకుంటున్నట్టే రాసుకుందాం. తెలివైనవారు, మీకు అర్థమవుతుంది.

విధేయుడు,
గ్లాడ్సన్ కపేసా

తా.క.: వాళ్ళు చదువుతున్నారని ఎలా తెలిసిందంటారేమో. కిందటి నెల నా ఉత్తరం ఒకటి అక్షరదోషాలు దిద్ది మరీ చేరింది.

*

లికోమా,
ఫిబ్రవరి 12

కపేసా గారికి, ఎనిఫా ఆశీస్సులు.

మీ ఉత్తరం ఓడ దిగిన పూట నేను ఒడ్డున ఉసిపా చేపలు ఎండబెట్టుకుంటున్నాను. చదివి మడిచి, మళ్ళీ విప్పి చదివాను. తలెత్తేసరికి ఎండిన చేపల్లో సగం కాకులపాలయ్యాయి. ఆ కాకుల్ని కూడా ఏమీ అనబుద్ధి కాలేదు.

అర్థమైంది. అర్థం కాకేం? ఆయన భార్య పోయి మూడేళ్ళయిందని రేడియోలో విన్నప్పుడే అయ్యో అనుకున్నాను. ఒంటరి మగాడికి ఎవరు ఓటేస్తారు? పక్కన ఇల్లాలుంటే ఆ కళే వేరు. నా పెనిమిటి ఆగస్టు గాలివానలో పడవతో సహా పోయి పంతొమ్మిదేళ్ళు. ఆ తరవాత ఈ మాట నన్నెవరూ అడగలేదు. ఊళ్ళో పెళ్ళికాని మగాళ్ళంతా నేను బొడ్డు కోసినవాళ్ళే, వాళ్ళెలా అడుగుతారు?

నా వయసు యాభై ఎనిమిది. ఈ వయసులో దాచుకోవడమెందుకు, సూటిగా అడుగుతాను. భార్య పోయిందన్నారు కదా, మరి సెప్టెంబరులో అలిగి వెళ్ళినావిడ ఎవరు? ఆయన నిద్రలో గురక పెడతారా? పిల్లలెందరు?

ఇవాళ మా దీవి చుట్టూ ఉన్న సరస్సు మీద దోమతెరలాంటి మబ్బు లేచింది. దూరానికి పొగలా ఉంటుంది, దగ్గరికొస్తే అన్నీ చిన్న చిన్న ఈగలు. మా ఊరి పిల్లలు వాటిని బుట్టలతో పట్టి, ముద్దచేసి రొట్టెలు కాలుస్తారు. ఆ పొగలోంచి ఒక మనిషి గొడుగు వేసుకుని నీళ్ళమీద నడుచుకుంటూ వస్తున్నట్టు మధ్యాహ్నం కునుకులో కలొచ్చింది. మొహం కనపడలేదు గానీ చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. మర్యాదస్తుడు.

ఇట్లు,
ఎనిఫా

తా.క.: మా తమ్ముడు ఆమోసికి చెప్పాను. పెద్దమనిషిగా మాట్లాడేది వాడే. ఆనవాయితీ ప్రకారం మీవైపునుంచి కోడిపుంజు రావాలంటున్నాడు.

*

లిలాంగ్వే,
ఫిబ్రవరి 18

అమ్మగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏం తెలివమ్మా మీది! ఇంటి సంగతుల్లా రాయమన్నాను గానీ ఏకంగా పెళ్ళి సంబంధమే కట్టేస్తారనుకోలేదు. అందులోనూ ఆ కోడిపుంజు! ఎవరు విప్పి చదివినా నమ్మి తీరాల్సిందే. పుంజుని నిజంగానే పంపుతాను, అనుమానం రాకుండా.

ఇక మీ ప్రశ్నలు. పోయినావిడ వేరు, వెళ్ళిపోయినావిడ వేరు. రెండో సంబంధం కుదిర్చింది నేనే, ఆ పాపం నాదే. వెళ్తూ వెళ్తూ ఇంట్లోవాళ్ళని పదకొండుమందిని, రెండు జీపుల్ని వెంట తీసుకెళ్ళింది. ఇప్పుడు వీధి చివర నిలబడి మనల్నే తిడుతోంది.

గురక సంగతి దేశమంతా తెలిసిందే, దాచను. నలుగురు కూర్చునే చోట ఆయనకు నిద్ర పడుతుంది. మేలుకొలుపు పార్టీ నాయకుణ్ణి ఎవరైనా మేలుకొలపండి అని పత్రికలు రాశాయి. కానీ రాత్రిళ్ళు ఆయనకి నిద్ర ఉండదమ్మా. అది మాత్రం ఎవరూ రాయలేదు.

పిల్లలు నలభై వేలమంది. సగంమందికి తండ్రి మాటంటే లెక్కలేదు.

మీరు రాసిన ఆ ఈగల పొగ మనసులోంచి పోవడంలేదు. నేను సరస్సు చూడలేదు. ఇక్కడ రేకుల కప్పుమీద వాన పడుతుంటే కళ్ళు మూసుకుని అదే సరస్సు అనుకుంటున్నాను. నిన్న మీటింగులో అలాగే కళ్ళు మూసుకుంటే, జబ్బు పెద్దాయన నుంచి అంటుకుందన్నారు.

మీ
కపేసా

తా.క.: గుడ్డ అచ్చుకి మీ ఫొటో పంపండి. ఇద్దరి మొహాలూ పక్కపక్కన వస్తాయి.

*

లికోమా,
ఫిబ్రవరి 26

తమ్ముడు కపేసాకి,

ఇంత మనసు విప్పి రాసినవాణ్ణి గారు అనడం బాగుండదు. ఇకనుంచి తమ్ముడివే.

నలభై వేలమంది పిల్లలా అని ఆమోసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఒరే, నాయకులు జనాన్నంతా బిడ్డలనే అంటారు. అది ప్రేమరా" అన్నాను. "అక్కా, ప్రేమ సరే, భోజనాలకి ఎందరొస్తారో కనుక్కో" అన్నాడు.

రాత్రిళ్ళు నిద్ర లేదన్న ఆ ఒక్క ముక్క దగ్గరే నేను ఒప్పుకున్నాను తమ్ముడూ. మిగతావి చూసుకోవచ్చు.

గోడలకి సున్నం వేయించాను. మా ఇంటి ముందు మామిడిచెట్టు కింద కూర్చుంటే నీళ్ళు కనిపిస్తాయి, గాలి కనిపిస్తుంది. అవును, గాలి కూడా. మామీదికొచ్చే గాలి ముందు నీటిమీద నల్లటి గీతలా వచ్చి, తరవాత ఆకుల్లోకి ఎక్కుతుంది. ఇక్కడ కూర్చుంటే ఎలాంటివాడికైనా నిద్ర పడుతుంది. ఆయన్ని స్వయంగా రమ్మను. కబురు మనుషులతో సరిపోదు.

ఫొటో పంపాను. అందులో నవ్వు లేదేమని అడగొద్దు. తీసినవాడు నా చేతుల్లో పుట్టినవాడే, కదలొద్దని నన్నే గద్దించాడు.

మీ అక్క
ఎనిఫా

తా.క.: సిగ్గు విడిచి అడుగుతున్నాను. మంచం ఒక్కటే ఉంది. ఇంకోటి చేయించాలా?

*

లిలాంగ్వే,
మార్చి 4

అక్కా,

మంచం అంటే ఏమిటా అని కాసేపు ఆలోచించి, కుర్చీ అని అర్థం చేసుకుని పడీ పడీ నవ్వాను. ఏమీ చేయించొద్దు. ఆయనది ఆయనకీ, మీది మీకూ వేరు వేరుగా ప్రభుత్వమే ఇస్తుంది. రెండిళ్ళకీ మధ్య అరకిలోమీటరు దూరం. వారానికోసారి బుధవారం కలుసుకుంటే చాలు. పాత జోడీతో అదీ ఉండేది కాదు.

పెద్దాయన వచ్చే వారం ఓడకి బయలుదేరుతున్నారు. కాగితాలు ఆయన జేబులోనే ఉంటాయి. 22లోగా ఎన్నికల కమిషన్‌కి అందాలి. అన్నీ మాట్లాడేశామనీ, మీరు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారనీ ఆయనకి చెప్పాను. ఆయనతో ఎక్కువ చెప్పను. పదకొండేళ్ళుగా ఆయనకి "అంతా బాగుందండీ" అనే చెబుతున్నాను. సలీమాలో పెట్టిన సభకి నలభైమంది వస్తే, "వానకి భయపడి రాలేదండీ" అన్నాను. ఆ రోజు వాన లేదు. ఆయన ఆకాశంకేసి చూశారు, నాకేసి చూశారు.

ఇవన్నీ మీకెందుకు రాస్తున్నానో తెలియదు. మీకు రాయడం మొదలుపెట్టాక, మనసులో ఉన్నది చేతికి రావడం అలవాటైపోయింది.

మీ తమ్ముడు
గ్లాడ్సన్

తా.క.: పుంజుని ఆయనతోనే పంపుతున్నాను. ఎందుకని అడిగారు. "దీవిలో అంతేనండీ" అన్నాను.

*

లికోమా,
మార్చి 13

తమ్ముడు గ్లాడ్సన్‌కి, అక్క ఎనిఫా రాయునది:

కూర్చుని చదువు.

రెండిళ్ళు, అరకిలోమీటరు, బుధవారాలు. అది చదివి రెండ్రోజులు నాకు న్సీమా ముద్ద దిగలేదు. పెద్దింటి పద్ధతులు అలా ఉంటాయేమోలే, వచ్చాక మాట్లాడుకోవచ్చని సర్దిచెప్పుకున్నాను.

నిన్న పొద్దున్నే ఓడ వచ్చింది. ఆయన చిన్నపడవ దిగి మోకాలి లోతు నీళ్ళలో నడిచి వచ్చారు, ఒక చేత్తో బూట్లు, ఇంకో చేత్తో పుంజు. మా వాకిలి నిండా చాపలు పరిచి ఊరంతా కూర్చుంది. ఆమోసి పుంజుని అందుకోగానే ఆడవాళ్ళు గొంతెత్తి కేకలేసి పాట అందుకున్నారు. ఆయన చుట్టూ చూసి, కళ్ళు చెమర్చి, "ఈ దీవిలో మన పార్టీకి ఇంత ఊపుందా!" అన్నారు.

తరవాత జేబులోంచి కాగితం తీసి, "ఇక్కడ ఒక సంతకం పెట్టండమ్మా" అన్నారు.

అమ్మా అన్నారే అనుకుంటూ కళ్ళజోడు పెట్టుకున్నాను. ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థి అని ఉంది.

"ఇదేమిటండీ?"

"అదేనండీ, మీరు ఒప్పుకున్నారని కపేసా చెప్పాడు."

ఆమోసి లేచాడు. "అంటే నువ్వు మా అక్కని చేసుకోవడానికి రాలేదా?"

పాడేవాళ్ళు సగం పాటలో ఆగిపోయారు. నేను నెమ్మదిగా లేచి, చాపల మధ్యనుంచి నడిచి, ఒడ్డుకి వెళ్ళిపోయాను. ఊళ్ళో అందరి పుట్టుకా చూసినదాన్ని, నా సిగ్గు అందరూ చూశారు. అప్పుడు నువ్వు నాకు దొరికి ఉంటే, పుంజుకి పట్టిన గతే నీకూ పట్టేది.

కాసేపటికి ఆయన వచ్చి బోర్లించిన పడవమీద కూర్చున్నారు. దూరంగా కూర్చున్నారు. తరవాత, "కపేసా మీకేం రాశాడో చూడొచ్చా?" అన్నారు.

చిటెంజే కొంగులోంచి తీసి మూడు ఉత్తరాలూ ఇచ్చాను. చదివారు. టమాటాల దగ్గర ముక్కు తడుముకున్నారు. చెప్పు దగ్గర పెద్దగా నవ్వారు. సలీమా సభ దగ్గరికొచ్చేసరికి ఉత్తరం మడిచేశారు.

"వాన లేదని నాకూ తెలుసండీ. వాడు సిగ్గుపడతాడని అడగలేదు."

"మీకు ఈ పదవి అంత కావాలా?" అన్నాను.

"వద్దండీ. భార్య పోయిన రోజునుంచీ వద్దు. చెబుదామంటే అందరూ అంతా బాగుందంటారు. బాగున్నదాన్ని వద్దని ఎలా అనడం?"

అలా అంటూనే పడవమీదే ఒరిగి నిద్రపోయారు. నాకు గురక వినబడలేదు తమ్ముడూ. చిన్నపిల్లాడిలా పడుకున్నారు. సరస్సుమీద ఈగల మబ్బు లేచి, ఎటూ పోకుండా ఎండలో అలాగే నిలబడింది. మధ్యాహ్నందాకా ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఓడ కూత పెట్టి వెళ్ళిపోయింది. ఆయన్ని లేపాలనిపించలేదు.

లేచాక కలం అడిగి, అధ్యక్ష పదవి గడిలో తన పేరు కొట్టేసి, నాకేసి చూశారు. నేను వద్దన్నాను. మళ్ళీ ఆలోచించాను. అడ్డం తిరిగిన బిడ్డని కడుపులోనే తిప్పి బయటికి తెచ్చినదాన్ని, మీ పార్టీ అంతకన్నా ఎక్కువ అడ్డం తిరిగిందా? పై గడిలో నా పేరు రాశాను. పార్టీ పెద్దగా ఆయన పక్కన సంతకం పెట్టారు.

ఇక కింది గడి, ఉపాధ్యక్షుడిది. "ఎవరిని రాద్దాం?" అని ఇద్దరం ఒకేసారి అడిగాం. ఒకేసారి నవ్వాం. ఆ పార్టీ గురించి నిజం ఎవరైనా రాశారంటే అది నువ్వే, అదీ దొంగచాటుగా. ఇకమీద బయటికే చెబుదువుగాని. నీ పేరే రాశాం. కాగితం ఇందులోనే పెట్టాను. సంతకం చేసి 22లోగా ఇచ్చేయ్. ఇల్లు అరకిలోమీటరు దూరమైతే నేనొప్పుకోను, పక్కిల్లే తీసుకో.

నీ అక్క, నీ జోడీ
ఎనిఫా

తా.క.: పెళ్ళి సంగతి ఏమైందంటావా? ఆయన అడిగారు, ఈసారి సొంత నోటితో. గెలిస్తే నాకు తీరిక ఉండదు, ఓడిపోతే చేసుకుంటానన్నాను. అప్పటినుంచీ పెద్దాయన గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, నాకు ఓటెయ్యొద్దని చేతులు జోడించి బతిమాలుతున్నారు. మేలుకొలుపు పార్టీ నాయకుడు వద్దన్నాడంటే ఈవిడలో ఏదో మంచి ఉండే ఉంటుందని, దీవి దీవంతా నాకే వేస్తానంటోంది.