కుడి కన్ను, కింది మూల

మార్చి 4, సోమవారం

ఈ ఏడాది క్రేన్ ఆపరేటర్ల టెస్ట్ వీఆర్ హెడ్‌సెట్‌లోనట. నోటీసు అంటించారు. పదకొండేళ్లుగా నిజం క్రేన్ మీద నిజం పైపులు ఎత్తుతున్నదాన్ని, ఇప్పుడు మొహానికి డబ్బా కట్టుకుని లేని పైపులు ఎత్తి చూపించాలి. ఫెయిలైతే ప్యాకింగ్‌లోకి పంపిస్తారు.

నా కళ్లద్దాలు డబ్బాలో పట్టలేదు. దూర్చబోతే ట్రైనర్ నా చెయ్యి లాగేసినంత పనిచేశాడు. కళ్లద్దాలు తగిలితే లోపలి లెన్స్ మీద గీతలు పడతాయట. డబ్బా ఖరీదు నా మూడు నెలల జీతమట. అవి తీసేసి చూస్తే, మైనస్ తొమ్మిది పవర్‌కి పైపూ గోడా ఒకటే.

మార్చి 5

లోపల బిగించుకునే పవర్ లెన్సులు దొరుకుతాయట. ఎవరివి వాళ్లే కొనుక్కోవాలట. సగం జీతం వాటికే. హెడ్‌సెట్ కంపెనీది, కళ్లు నావి. మా ఆయన ధర విని ముందు దగ్గాడు, తర్వాత కొనుక్కోమన్నాడు. ఆర్డర్ ఇచ్చేశాను.

మార్చి 11

లెన్సులు వచ్చాయి. అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో. షెడ్డు, హుక్కు, గొలుసులు, అన్నీ అచ్చం మావే.

మొదలుపెట్టేముందు ఒక్కో కన్నే మూసి అక్షరాలు చూడమంటుంది హెడ్‌సెట్. ఎడమ కన్ను మూశాను. కుడి కన్నుకి కుడివైపు కింది మూలలో నల్లగా, గోరంత. డబ్బా అంచు స్పాంజ్ అడ్డొస్తోందేమోనని సర్దాను. పోలేదు. లెన్స్ సరిగ్గా చేసి చావలేదు ఆ అద్దాల షాపువాడు.

మార్చి 12

అద్దాల షాపాయనతో గొడవ పెట్టుకున్నాను. లెన్స్ మెషిన్ మీద పెట్టి చూపించాడు. బాగానే ఉంది. ఓసారి కళ్లు చూపించుకోమ్మా అన్నాడు. ఇంకో జత అంటగట్టే ఎత్తు అనుకున్నాను. అయితే హెడ్‌సెట్‌లోనే తేడా ఉండాలి.

మార్చి 13, మధ్యాహ్నం 1:15

అందరూ భోజనాలకి వెళ్లారు. ట్రైనింగ్ రూమ్ ఖాళీ. హెడ్‌సెట్‌ని తలకిందులు చేసి, చేతులతో కళ్లకి ఆనించి పట్టుకున్నాను. తప్పు దానిదైతే నలుపు ఎడమ కంటికి పోవాలి, పై మూలకి.

పోలేదు. కుడి కంట్లోనే ఉంది. కింది మూలలోనే.

డబ్బా బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, ఎడమ కన్ను అరచేత్తో మూసి గోడ వంక చూశాను. గోడ మీదా ఉంది. రెండు కళ్లూ తెరిచి తిరుగుతుంటే ఇన్నాళ్లూ తెలియనే లేదు.

మార్చి 14

నలుపు పెరిగింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే క్రేన్ పోతుంది. చెప్పకపోతే కన్ను పోతుందేమో. టెస్ట్ రేపే కదా, అయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్తాను. ఒక్క రోజులో కొంపలేం మునిగిపోవు. ఇలా రాసుకుంటే ధైర్యం వస్తుందనుకున్నాను. రాలేదు.

మార్చి 15

పాస్. నూటికి తొంభై ఆరు. తల కాస్త ఎక్కువ తిప్పుతూ చూశాను, అంతే. ఎంత జాగ్రత్తగా చూస్తుందో నేర్చుకోండని ట్రైనర్ మిగతావాళ్లకి చెప్పాడు. నవ్వాను.

మార్చి 16, శనివారం, ఉదయం 10:20

క్రేన్ దిగి వచ్చి రాస్తున్నాను.

కింద నిలబడి నాకు సైగలు చేసే అతను ఆరేళ్లుగా నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. ఆగమని రెండు చేతులూ చాపాడట. నాకు అక్కడ ఎవరూ లేరు. పైపుల కట్టని కుడివైపుకి నడిపించాను. విజిల్ విని ఆపాను. తల పూర్తిగా తిప్పితే అప్పుడు కనిపించాడు. పైపుల కట్ట అతని హెల్మెట్‌కి జానెడు దూరంలో ఊగుతోంది.

నన్ను చూస్తూనే మీదికొచ్చేశావేంటక్కా అన్నాడు. కోప్పడలేదు. అదే తట్టుకోలేకపోయాను.

సూపర్‌వైజర్ గదికెళ్లి చెప్పేశాను. కన్ను సంగతీ, టెస్ట్ సంగతీ. ఆయన క్యాబిన్ తాళం అడిగాడు. ఇచ్చేశాను.

సాయంత్రం 4

కంటి వెనక పొర, రెటినా, ఊడుతోందట, గోడ పెచ్చు ఊడినట్టు. పవర్ బాగా ఎక్కువున్నవాళ్లకి వచ్చే ప్రమాదమట. పాపం, హెడ్‌సెట్‌ది ఏ తప్పూ లేదు. ఎప్పట్నుంచి అని డాక్టరమ్మ అడిగింది. సోమవారం నుంచి అన్నాను. ఆవిడ పెన్ను ఆగింది. రేపు ఆదివారమైనా ఆపరేషన్ చేస్తారట.

నాకైనా చెప్పాలి కదే అన్నాడు మా ఆయన. ఒక్కసారే అన్నాడు. భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

మార్చి 20

ఊడిన పొరని అదిమి పట్టడానికి కంట్లో గ్యాస్ నింపారు. వారం రోజులు మొహం నేలకేసే ఉంచాలి. తినడమూ రాయడమూ అలాగే. చూపు ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేరట. క్రేన్ గురించి నేను అడగలేదు.

మార్చి 22

తమ్ముడొచ్చాడు. నాకు పాదాలే కనిపించాయి. కాసేపు నిలబడి, నేల మీద వెల్లకిలా పడుకుని, నా మొహం కిందికి జరిగాడు. కుడి కంటికి దగ్గరగా వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. మా పనిలో దానికి పైకెత్తమని అర్థం, ఎత్తేటప్పుడు కింద మనిషి ఉండకూడదన్నది మొదటి రూలు. కనిపిస్తోందా అక్కా అన్నాడు.

ఎడమ కన్ను మూశాను. నీళ్ల అడుగున ఏదో తిరుగుతోంది.

కనిపిస్తోంది గానీ, ముందు నా కింద నుంచి పక్కకి జరుగు అన్నాను.