నా కోపంలో ఎవరికీ వాటా లేదు

అత్తయ్యగారికి,

మీ పెద్దకోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ చిన్నదీ వేళకు తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం. క్షేమం అనే మాటకు ఇప్పుడు మా ఇంట్లో అంతకంటే పెద్ద అర్థం లేదు. అక్కడ మీరూ, మరిదీ, తోటికోడలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో మీకు సగం మాటలే వినపడతాయి. సగం మాటల వల్లనే సంగతి ఇంత దూరం వచ్చింది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మరిది చేత చదివించుకోకుండా, అద్దాలు పెట్టుకుని మీరే చదువుకోండి.

మీ ఉత్తరం చేరింది. మోకాళ్లకు రాసుకునే మందు అయిపోయిందని అంతకుముందు ఉత్తరంలోనే రాశారు. రెండు ట్యూబులు వేరే పార్సిల్లో పంపాను. ఎక్కడ కొన్నానో కాస్త ఆగి చెబుతాను, ఇప్పుడే చెబితే వాటిని కిటికీలోంచి విసిరేస్తారు. చిన్నది బడికి వెళ్తోంది. "మీ నాన్న మళ్లీ టీవీలో వచ్చాడు" అంటున్నారట తోటి పిల్లలు, ఏదో బహుమతి గెలిచినట్టు. నేను పార్లర్లో మళ్లీ పనిలో చేరాను. కత్తెర పట్టుకుని కదలొద్దంటే ఎవరూ కదలరు గానీ, మాట్లాడొద్దంటే మాత్రం ఎవరూ వినరు. గోడ మీద టీవీ, కుర్చీలో మనిషి, ఇద్దరూ నాకు మా ఆయన గురించే చెబుతుంటారు.

ఇక మీరు అడిగినవాటికి వస్తాను. "వాళ్లంటే భయమని నువ్వే టీవీలో చెప్పావు కదా, మళ్లీ వాళ్ల పక్షాన నిలబడటమేంటి?" అని మొదట అడిగారు. "నా కొడుకు ఫొటో పట్టుకుని నలుగురూ నడుస్తుంటే వీధిలో లాక్కుంటావా?" అని తర్వాత అడిగారు. రెండో మాట దగ్గర మీ అక్షరాలు వంకర పోయాయి.

జరిగింది మీకు తెలుసు. అయినా టీవీలో విన్నది కాసేపు పక్కన పెట్టి, నా దగ్గర మొదటిసారి వింటున్నట్టు చదవండి. మీ అబ్బాయి గోడౌన్ గేటు దగ్గర ఇన్‌ఛార్జి. ఏ లారీ ముందు లోపలికి వెళ్లాలో చెప్పడం ఆయన పని. ఆ రోజు ఒక డ్రైవరు పొద్దున్నుంచీ ఎండలో నిలబడి ఉన్నాడు. మీ అబ్బాయి వేరే లారీని ముందు పంపాడు. మాటా మాటా పెరిగింది. డ్రైవరు జాకీ రాడ్డు తీసి తల మీద ఒక్క దెబ్బ కొట్టాడు. మూడో రోజు ఆసుపత్రిలో ఆయన పోయాడు. ఆ డ్రైవరు రంగు వేరు, జాతి వేరు. అంతే.

ఆ "అంతే" దగ్గర టీవీ వాళ్లు మొదలుపెట్టారు. డ్రైవరు అన్న మాట మెల్లగా మాయమైంది. మొదటి రోజు "లారీ డ్రైవరు" అన్నారు, మర్నాడు "ఆ జాతి వ్యక్తి" అన్నారు, వారం తిరక్కుండా "వాళ్లు" అన్నారు. ఒక్కడు కొడితే టీవీలో గుంపైపోయాడు. ఆ వారంలోనే మన రంగువాడొకడు సొంత బావమరిదిని పొడిచి చంపాడు. దాన్ని వాతావరణం వార్తలకు ముందు రెండు ముక్కల్లో చదివేశారు. అందులో హంతకుడు ఒక ఎలక్ట్రీషియన్, అంతే. అతనికి వృత్తి ఉంది, రంగు లేదు. నేను ఒకామెకు జుట్టు కత్తిరిస్తూ ఆ రెండు వార్తలూ వరసగా విన్నాను. ఆమె రెండో దానికి తల కూడా ఎత్తలేదు.

తర్వాత టీవీ అమ్మాయి మన ఇంటికి వచ్చింది. మర్యాదస్తురాలే, చెప్పులు బయట విడిచింది. ఫ్రిజ్ మీద చిన్నది అంటించుకున్న రంగు బొమ్మలు మాత్రం తీసెయ్యమంది. దుఃఖం ఉన్న ఇల్లులా కనబడటం లేదట. తర్వాత అడిగింది:

"వాళ్లంటే మీకు భయంగా ఉందా అండీ?"

"భయమే. మీరిలా రోజూ చూపిస్తుంటే ఎవరో ఒకరు వెళ్లి మా వీధి మందుల షాపాయన మీద పడతారని భయం. కొట్టింది ఒకడు. వాడికి శిక్ష పడాలి. షాపాయనకేం సంబంధం?"

ఆ అమ్మాయి తల ఊపింది. సాయంత్రం పార్లర్లో చూశాను. "భయమే" అన్నంతవరకే ఉంది. ఆ తర్వాత నా ముఖం దగ్గరగా చూపించి, కింద ఏడుపు సంగీతం వేశారు. మీరు చూసింది అదే, అత్తయ్యగారూ. అది నా మాటే, కానీ నేను చెప్పింది అది కాదు.

మర్నాడు పొద్దున మందుల షాపు అద్దాలు పగిలి ఉన్నాయి. షాపాయన మీకు గుర్తే. మీరిక్కడ ఉన్నప్పుడు మోకాళ్లు పట్టేస్తే, మూసిన షట్టరు మళ్లీ తీసి మందిచ్చిన మనిషి. ఆయనదీ ఆ డ్రైవరు రంగే. నేను చీపురు పట్టుకుని వెళ్లాను.

"మీరు రాకండమ్మా, మీకు మాటొస్తుంది" అన్నాడు.

"మాట రావడం ఎప్పుడో అయిపోయిందండీ. ఇప్పుడు రావాల్సింది అద్దాలవాడు" అన్నాను. ఇద్దరం కలిసి ఊడ్చాం. ఆయన ఒక్కసారి కూడా నా ముఖంలోకి చూడలేదు. ఏ తప్పూ చెయ్యని మనిషి అలా తల దించుకుని గాజు ముక్కలు ఎత్తుతుంటే, నాకు మా ఆయన పోయిన రోజు రాని కోపం వచ్చింది.

మీరు రాసిన ఆ ఊరేగింపు ఆదివారం జరిగింది. నేను ఆ షాపులోనే ఉన్నాను, మీ ట్యూబుల కోసం. ఇప్పుడు చెప్పేశాను కదా, పారెయ్యకండి, మంచి మందు. ముందు ఒకాయన మైకు పట్టుకుని నడుస్తున్నాడు, వెనక జనం. కొందరి చేతుల్లో రాళ్లున్నాయి. అందరికంటే పైన, పెద్ద అట్ట మీద మీ అబ్బాయి ముఖం. చిన్నదాని పుట్టినరోజు నాటి ఫొటో అది, మరిది ఇచ్చాడు వాళ్లకు. అసలు ఫొటోలో ఆయన పక్కన నేనున్నాను. నన్ను కత్తిరించేశారు గానీ, ఆయన భుజం మీద వేళ్లు మాత్రం మిగిలిపోయాయి. నా వేళ్లు, నా ఉంగరం. భుజం మీద ఎవరిదో తెలియని చెయ్యి వేసుకుని ఆయన వీధంతా తిరుగుతున్నాడు.

షాపాయన షట్టరు దించబోయాడు. వద్దన్నాను. బయటికి వెళ్లి మైకాయనకు అడ్డంగా నిలబడ్డాను.

"ఆ ఫొటో ఇవ్వండి."

"అమ్మా, మీ వారికి న్యాయం కోసమే కదా ఇదంతా."

"న్యాయం కోర్టులో అడుగుతాను. ఫొటో నాది."

"మీకు కోపం లేదా అసలు?"

"ఎందుకు లేదు? మీ అందరిదీ కలిపినా అందులో పావు వంతు ఉండదు. కానీ అది కొట్టినవాడి మీద. నా కోపంలో ఎవరికీ వాటా లేదు. ఇందులో ముక్క కోసుకెళ్లి ఇంకొకరి షాపు మీద వేస్తానంటే ఊరుకోను."

మైకులోంచి నా మాటలు వీధంతా వినపడ్డాయట, ఆయన దాన్ని ఆపడం మర్చిపోయాడు. అట్ట పట్టుకున్న మనిషి దాన్ని నా చేతికిచ్చాడు. లాక్కోలేదు, అత్తయ్యగారూ, అడిగితే ఇచ్చాడు. వెనక నుంచి ఎవరో "డబ్బు తినుంటుంది" అన్నారు. జనం కాసేపు గొణిగి పక్క వీధికి తిరిగారు. ఆ రోజు ఎవరి అద్దమూ పగల్లేదు. అట్ట గుమ్మంలో పట్టక, అడ్డంగా తిప్పి ఇంట్లోకి తెచ్చాను. సాయంత్రం టీవీలో "భర్త ఫొటోను లాక్కున్న భార్య" అని వచ్చింది. మరిది ఫోను చేసి, "అన్నయ్య పరువు తీశావు వదినా" అన్నాడు. "పరువు నా దగ్గరే భద్రంగా ఉంది, గోడకి ఆనించాను" అని పెట్టేశాను.

ఇంతవరకూ రాసింది మీరు అడిగినవాటికి జవాబు. ఇప్పుడు రాయబోయేది మీరు అడగనిది. చాలా రోజులుగా గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. కూర్చుని చదవండి.

ఆసుపత్రిలో రెండో రోజు ఆయనకు తెలివొచ్చింది. నర్సు బయటికి వెళ్లాక నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "ముందు నేనే అన్నాను. వాడి రంగుని, వాడిని కన్నతల్లిని కలిపి అన్నాను. వాడు అంతసేపూ సార్, సార్ అనే మాట్లాడాడు." ఆ మాట ఏమిటో కూడా చెప్పాడు. అది ఇక్కడ రాయను. మన ఇంట్లో ఎవరూ అనే మాట కాదు, ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. కానీ అన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి, "అమ్మకి చెప్పకు" అన్నాడు. సరే అన్నాను.

ఆ సరేని ఇవాళ తప్పుతున్నాను.

డ్రైవరు తరఫు వకీలు ఇదే చెబుతున్నాడు, ముందు తిట్టింది గేటు మనిషేనని. టీవీ వాళ్లు దాన్ని హంతకుడు అల్లిన కట్టుకథ అంటున్నారు. ఆ రోజు జాతిని తిట్టిన మాట ఒక్కటే పడింది, అది మన ఇంటి మనిషి నోట్లోంచి పడింది. ఈ సంగతి ఆయన నోటే విని బతికున్నది ఇద్దరమే, ఆ డ్రైవరూ నేనూ. అతని మాట ఎవరూ నమ్మరు. నన్ను సోమవారం సాక్షిగా పిలిచారు. సంగతి చెప్పగానే, "అడక్కపోతే చెప్పకండమ్మా, శిక్ష తగ్గే ప్రమాదం ఉంది" అన్నాడు మన తరఫు వకీలు. అడక్కపోయినా చెబుతానన్నాను. ఆయన ఫైలు మూసేసి, "మీ ఇష్టం, మీ అత్తగారిని ఒక మాట అడగండి" అన్నాడు.

నేను అడగడం లేదు, అత్తయ్యగారూ. చెబుతున్నాను. టీవీలో ఎవరి నోటనో వినకముందే నా చేతిరాతలో తెలియాలని చెబుతున్నాను.

మాటకు రాడ్డు జవాబు కాదు. అతను చంపాడు, శిక్ష అనుభవించాలి, అదీ చెబుతాను. కానీ టీవీ వాళ్లు గోడ మీద పెట్టిన దేవుడితో నేను కాపురం చెయ్యలేదు. కూరలో ఉప్పు తక్కువైతే ముఖం ముడుచుకునే మనిషితో, చిన్నదాని జ్వరానికి ఏడ్చిన మనిషితో చేశాను. ఆ మనిషే ఒక రోజు నీచమైన మాట అన్నాడు, అన్నందుకు సిగ్గుపడుతూనే పోయాడు. ఆయన మీద నా గౌరవం ఆ సిగ్గుతో పెరిగింది గానీ తగ్గలేదు. దాన్ని దాచి, లేని గొప్పతనం అంటగడితే, ఆయన్ని రెండోసారి పోగొట్టుకున్నట్టే నాకు.

మీరు తల్లి. ఇది చదివి నన్ను శపించినా ఏమీ అనను. మరిది నా గడప తొక్కనంటే తొక్కొద్దు. సోమవారం పదింటికి పిలుస్తారు. వస్తే నా పక్కన కూర్చోండి, ఎదురు వరసలో కూర్చున్నా సరే, చెవికి వినపడేంత దగ్గర కూర్చోండి. రాకపోయినా నేను లేచి నిలబడతాను. ఆయన నా భర్త అని చెబుతాను, ఆయన అన్న మాట కూడా చెబుతాను. రెండూ గొంతు తగ్గించకుండా చెబుతాను.

ఇట్లు,
తిట్టినా, మాట్లాడటం మానేసినా,
మీ పెద్దకోడలు