అటక మీద ఆరు సీసాలు

రాయపూర్,
19 మే 2019, ఆదివారం.

చిరంజీవి భావనకు నాన్నమ్మ దీవెనలు. ఎండ తప్ప ఇక్కడ మాకు వేరే జబ్బేమీ లేదు. పుణెలో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం పదకొండో తారీఖున చేరింది. అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తాను. నా మోకాలు మెట్లు దిగేటప్పుడు నొప్పి పెడుతోంది, ఎక్కేటప్పుడు లేదు. మీ నాన్నకు ఫ్యాక్టరీలో మళ్ళీ రాత్రి డ్యూటీ వేశారు. పగలు నిద్ర పట్టక మాట్లాడటమే తగ్గించాడు. మీ అమ్మ కూలర్‌కి కొత్త గడ్డి పెట్టించింది. నిన్న మధ్యాహ్నం వరండాలో నలభై అయిదు డిగ్రీలు. నేను రైల్వే స్కూల్లో సైన్స్ టీచరుగా రిటైరైన రోజు పిల్లలు ఇచ్చిన థర్మామీటరు ఇంకా సరిగ్గానే చెబుతోంది. నాకే చూసే ఓపిక తగ్గింది.

ఇంకా రెండు ప్రశ్నలు మిగిలాయి. నువ్వు అప్పగించిన వైన్ సీసాలు కూలర్ గదిలో మంచం కింద పడుకోబెట్టే ఉన్నాయా అన్నది ఒకటి. రెండోది నువ్వు ఉత్తరం చివర అడిగావు. దానికి నేనూ చివరే రాస్తాను.

సీసాలు పాడైపోయాయి.

ఏప్రిల్ ఆఖరున మీ పున్నయ్య తాతయ్య విజయనగరం నుంచి వ్రతానికి వచ్చి పదకొండు రోజులు ఉన్నాడు. మరిదిగారికి కూలర్ గది ఇచ్చాం. ఆయన దిగే ముందు ఆరు సీసాలనూ పాత చీరలో చుట్టి, వంటింటి అటక మీద పచ్చడి జాడీల వెనక పెట్టించాను. ఆయన వెళ్ళాక కూడా నాకు గుర్తు రాలేదు. నీ ఉత్తరం చదివాకే దింపించాను. ఆరింటికీ బిరడాలు గింజెడు పైకి లేచి ఉన్నాయి. చుట్టూ ఎర్రటి జిగురు. మధ్యాహ్నం అటక మీద థర్మామీటరు పెట్టి చూస్తే నలభై మూడు. స్పిరిట్ సీసాను ఎండలో పెట్టిన పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించినదాన్ని నేను.

ఒకటి తీసి చెంచాడు నోట్లో వేసుకున్నాను. మాడిన నేరేడు పాకంలా ఉంది, చివర పులుపు.

మంచిది ఎలా ఉంటుందో తెలియనిదానికి చెడింది ఎలా తెలిసిందని అడుగుతావు. ఫిబ్రవరిలో నువ్వు నన్ను ఆరంగ్ దగ్గర నూకరాజు ద్రాక్షతోటకు తీసుకువెళ్ళావు. రైల్వే ఉద్యోగం వదిలి వైన్ చేస్తున్న నా పాత విద్యార్థి కదా, చూసి సంతోషిస్తానని నీ ఆశ. నేను గ్లాసు ముట్టుకోకుండానే అందరి ముందూ “రంగు నీళ్ళు” అన్నాను. తిరుగు దారిలో మందిర్ హసౌద్ ఊరు దాటేదాకా నువ్వు నాతో మాట్లాడలేదు. నువ్వు తీగల మధ్య ఫోటోలు తీసుకుంటున్నప్పుడు నూకరాజు భార్య అన్నమ్మ ఒక స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టింది. అడుగుదాకా తాగాను. బాగుంది. కొంగుతో మూతి తుడుచుకుని నీ వెనకే కారెక్కాను.

ఎవరికీ తెలియని ఈ ప్రాంతంలో మంచి వైన్ పుడుతోందని, నువ్వు వైన్లు ఎంచిపెట్టే మీ హోటల్లో మాట ఇచ్చావు. రుచి చూడటానికి మీ పై అధికారి రఘుగారు ఇరవై ఎనిమిదిన మనింటికి వస్తున్నారు. ఆయన కాదంటే నూకరాజు వచ్చే ఏటి పంటకు కొనేవాడు లేడు, అక్కడ నీ మాటకు విలువ ఉండదు. తొలి ఏడాది సరుకులో ఈ ఆరే మిగిలాయని నువ్వే రాశావు.

అందుకని శుక్రవారం బస్సెక్కి ఆరంగ్ వెళ్ళాను.

“ఏటండీ టీచర్‌గోరూ, ఇంత గర్మీలో వచ్చేసారా? ఫోన్ కొడితే నానే వచ్చేవోణ్ణి కదా” అన్నాడు నూకరాజు.

జరిగింది చెప్పాను.

“మా టైంలో లాబ్‌లో ఏటైనా పగిలితే నిలబడి, సేతులు కట్టుకుని, సాకుల్లేకుండా సెప్పమనేవోరు. మీరు మరిదిగోరొచ్చారు, గది సాల్లేదు అని శానా సెప్పేసారు.”

“నోర్ముయ్. పెద్దావిడతో పరాచికాలేటి” అంది అన్నమ్మ.

నేను లేచి నిలబడ్డాను. చేతులు కట్టుకుని, “నీ ఆరు సీసాలు నేను పాడుచేశాను” అన్నాను. అతను నవ్వలేదు. పంపు గదిలోకి వెళ్ళి, తడి ఇసుకలో పాతిపెట్టిన మూడు సీసాలు తెచ్చాడు. అవీ తొలి ఏడాదివే, కూతురు ఫణిశ్రీ పెళ్ళికని దాచుకున్నవట. వద్దంటున్నా వినకుండా ఒకటి తీసి గ్లాసులో పోశాడు.

“బస్, అంతేనండి, తాగి పదికి మార్కులెయ్యండి.”

రఘుగారికి పనికొస్తుందేమో, చూసింది చూసినట్టు రాస్తున్నాను. రంగు నేరేడు తొక్కది. వాసన ముందు తడిసిన ఇటుక, తరవాత మిరియం. తీపి లేదు. మింగాక వక్క నమిలినట్టు నాలుక మీద వగరు నిలుస్తుంది. ఎనిమిది వేశాను. స్కూల్లో అతనికి నా చేతి మీద ఆరు దాటలేదు.

“ఆ రెండూ ఎందుకు కట్ సేసారు?”

“సీసా మీద తేదీ వెయ్యలేదు.”

అప్పుడు నవ్వాడు.

మిగిలిన రెండు సీసాలనూ తడి గోనెలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఇప్పుడు కూలర్ గదిలో ఉన్నాయి. పొద్దునా సాయంత్రం థర్మామీటరు చూసి రాసిపెడుతున్నాను. ఇరవై ఎనిమిదిన హాల్లో, వచ్చినవాళ్ళందరి ఎదుటా, గ్లాసులు నేనే పెడతాను.

ఇక నీ చివరి ప్రశ్న. ‘నా పని నీకు సిగ్గా నాన్నమ్మా?’ అని అడిగావు.

పున్నయ్యకు మంచం కింద చోటుతో పని లేదు. గది చాలకపోవడం అబద్ధం. ఆయన చూస్తే, నా మనవరాలు సారా వ్యాపారంలో దిగిందని ఊరంతా చెబుతాడని అటక ఎక్కించాను. సిగ్గుపడ్డాను. నూకరాజు ముందు చేతులు కట్టుకుని కూడా ఈ ముక్క మింగేశాను. చాలా అలసిపోయాను భావనా, ఎండకు కాదు.

నీ సీసాలు నేను పాడుచేశాను. ఈ వాక్యం కుర్చీలోంచి లేచి, నిలబడి రాశాను.

ఇట్లు,
నీ నాన్నమ్మ
సాయిలక్ష్మి