తొమ్మిది చుక్కల నడిమి ఇల్లు

బుకరమాంగ,
14 ఆగస్టు 2023

ఓఫెలియా పిన్నికి,

నీ యానెత్ రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని రాస్తోంది. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని, సాన్ హిల్‌లో వానలు కాస్త తెరిపిచ్చాయని తలుస్తాను. నేను ప్రాణాలతో ఉన్నాను. ఈ వారం ఇంతకంటే క్షేమం రాయలేను. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని అనుకుంటావేమో. చివరిదాకా చదువు, ఒక్కదానివే కూర్చుని చదువు.

మొగుళ్ళ దెబ్బలు తట్టుకోలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్ళని మా సంస్థ ఒక ఇంట్లో దాచిపెడుతుంది. దాతల వివరాలు ఎక్సెల్ ఫైళ్ళలో చెల్లాచెదురుగా ఉండేవి. వాటన్నిటినీ క్లౌడ్‌లోకి చేర్చి, ఎవరు దేనికి ఇస్తున్నారో, ఎవరు మానేశారో ఒక్కచోట కనబడే ఏర్పాటు నేను చేశాను. సాయం చేసిన ప్రతివాళ్ళకీ కృతజ్ఞతతో పాటు మ్యాపులో ఒక చుక్క వెళ్తుంది, మీ సాయం ఈ చుట్టుపక్కలకి చేరింది అని. ఇంటి జాడ తెలియకూడదని ఆ చుక్కని ప్రతిసారీ ఏదో ఒక పక్కకి జరిపేలా రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పోయిన మంగళవారం ఎక్కువసార్లు ఇచ్చినవాళ్ళ జాబితాలో ఒక కొత్త పేరు అందరికంటే పైకి వచ్చింది. మే నెల నుంచి తొమ్మిదిసార్లు, ప్రతిసారీ కప్పు కాఫీ ఖరీదంత, ఆ ఇంటికే పంపాడు. మా డైరెక్టరు రొసాల్బా గారు సంబరపడిపోయి, "ఎంత మంచివాడే! ఒకసారి భోజనానికి పిలుద్దామా?" అన్నారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. ఒక్కసారి ఇవ్వగలిగింది తొమ్మిదిసార్లు ఎందుకు? వాడికి వెళ్ళిన చుక్కలన్నీ ఒకే మ్యాపు మీద పెట్టాను. ఒక్కోటి ఒక్కో వీధిలో పడింది. వాటి నడిమధ్య ఏముందా అని చూస్తే, పిన్నీ, సరిగ్గా ఆ ఆడవాళ్ళని దాచిన ఇంటి పైకప్పు.

చూపిస్తే రొసాల్బా గారు ముందు కసురుకున్నారు. "ఇచ్చేవాణ్ణి అనుమానిస్తే రేపు ఈ పిల్లలకి అరెపా రొట్టెలు నువ్వు కాలుస్తావా?" అన్నారు. తరవాత మళ్ళీ మ్యాపు కేసి చూసి కుర్చీలో కూలబడ్డారు. "ఎవరి మొగుడే వీడు?" అని గొణిగారు. నాకేం తెలుసు? ఆ ఇంట్లో ఎవరుంటారో నాకు చెప్పరు. నేను చూసేది దాతల పేర్లే.

ఆ మధ్యాహ్నమే ఆరుగురు ఆడవాళ్ళనీ, వాళ్ళ పిల్లలనీ మావాళ్ళు బేకరీ వ్యానులో ఊరు దాటించారు. పిల్లల టీకా కార్డులు మరిచిపోయామంటే మర్నాడు పదింటికి నేనొక్కదాన్నే ఆ ఇంటికి వెళ్ళాను. సొరుగు లాగుతుంటే గేటు గంట మోగింది. వంటింటి గట్టు కింద నక్కాను. "ఎవరైనా ఉన్నారా అమ్మా? పిల్లలకి కేకు తెచ్చాను" అంటున్నాడు, ఎంత మర్యాదో! రెండోసారి మోగించాడు. మూడోసారి గంట కాదు, గేటునే తన్నాడు. "లోపలే ఉన్నావని తెలుసే! రా బయటికి!" అని అరిచాడు. ఆ గొంతు విని గట్టు కిందకి ఇంకా ముడుచుకున్నాను. ఎదురింటివాళ్ళు కేకలేశాకగానీ వాడు కదల్లేదు.

మ్యాపులో చుక్కలు తీసేశాను. ఇక ఎవరికీ వెళ్ళవు. అందరూ క్షేమమే. నేనే, ఎక్కడ గంట మోగినా నక్కడానికి చోటు వెతుక్కుంటున్నాను.

నీ చేతి ముద్దలు తిని పెరిగిన,
యానెత్

తా.క. వాడు రాయించుకున్న పేరు దొంగపేరు. గొంతు మన ఎడిల్సన్‌ది, నీ కొడుకుది. పెళ్ళాం ఎవడితోనో లేచిపోయిందని మనకి చెప్పాడే, ఆ నీ కోడలు యూర్లే ఇన్నాళ్ళూ పాపతో మా సంస్థ ఇంట్లోనే తలదాచుకుంది. కార్డులివ్వడానికి వెళ్తే, వాడే పంపాడనుకుని, నన్ను చూడగానే పాపని వెనక్కి లాక్కుంది. మదర్స్ డే నాడు నీ ఇంట్లో భోంచేస్తూ వాడు "నీ పనేంటో చెప్పవే చెల్లీ" అన్నాడు. ఎవరూ అడగంది అడిగాడని పొంగిపోయి చుక్క సంగతి చెప్పాను. "ఎప్పుడూ ఒకే పక్కకి జరుగుతుందా?" అన్నాడు. "లేదన్నయ్యా, ప్రతిసారీ వేరే పక్కకి" అన్నాను. పోలీసులకి వాడి పేరు రాసిచ్చింది నేనే. నీ ఫోన్ వాడు చూస్తాడు, అందుకే ఇది చర్చి ఫాదర్ గారి చేత పంపుతున్నాను. చదివాక పొయ్యిలో వెయ్యి. నాయనమ్మ ఎలా ఉందని పాప అడిగింది. తనెక్కడుందో మాత్రం నీకు కూడా చెప్పలేను, పిన్నీ.