కనకప్ప పేరున్న ఫైలు

సత్యనారాయణపేట,
బళ్ళారి.
20 ఫిబ్రవరి 2026.

ప్రియమైన రాజశ్రీకి,

అంబిక నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, నాలుగు నెలలుగా నీ కుశలమేమిటో నాకు తెలియదు. కుడతినిలో ఉద్యోగం బాగుందనీ, కొత్త మేనేజరు మంచివాడనీ మాత్రం కూరగాయల మార్కెట్లో కనిపించినప్పుడు మీ అమ్మ సరోజినీదేవి గారు చెప్పారు. ఆవిడ ఇంకా నాతో మాట్లాడుతున్నారంటే నువ్వు ఇంట్లో ఏమీ చెప్పలేదన్నమాట. నా నంబరు బ్లాక్ చేశావు గనక కాగితం మీద రాస్తున్నాను. చించేసే ముందు చివరిదాకా చదువు.

ఇక్కడ మన జీన్స్ యూనిట్లో ఆరు మిషన్లూ తిరుగుతూనే ఉన్నాయి. గుడ్డ కత్తిరించే కనకప్ప మామకి కళ్ళజోడు మారింది, నోరు మారలేదు. నీ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. దాని మీద జిప్పుల డబ్బా పెట్టాను. కొలతలు పంపినవాళ్ళకి ప్యాంట్లు కుట్టి పంపడానికి నువ్వు కట్టిన వెబ్‌సైటు మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు.

దీపావళి రోజు ఏం జరిగిందో నీకు గుర్తు చెయ్యక్కర్లేదు. కార్ట్ నొక్కితే తెల్ల పేజీ. సాయంత్రం దాకా ఒక్క ఆర్డరు పడలేదు. వేరే ఉద్యోగం దొరికింది గనక కావాలనే చెడగొట్టావని, అందరి ముందూ నిన్ను నానా మాటలూ అన్నాను. నువ్వు పాస్‌వర్డులన్నీ ఒక కాగితం మీద రాసి, మిషన్ మీద పెట్టి వెళ్ళిపోయావు. మర్నాటికి కార్ట్ దానంతటదే పనిచేసింది. ఇంకేం, నా అనుమానం గట్టిపడింది.

తర్వాతి నెల మళ్ళీ తెల్ల పేజీ! అప్పటికి పాస్‌వర్డులన్నీ మార్చేశాను. మరి ఇదెవరి పని? కంప్యూటర్లు బాగుచేసే తిప్పేశ్‌ని పిలిస్తే, చూసి, "ఫైళ్ళు జాస్తి అయినాయి మేడమ్, పాపం సర్వర్ యాడ మోస్తాది" అన్నాడు. ఫైల్ మేనేజర్ తెరిచి చూపిస్తే నాకే సిగ్గేసింది. ఒకే ప్యాంటు ఫోటో పదకొండు కాపీలు. "ఫైనల్", "ఇదే ఫైనల్", "నిజంగా ఫైనల్" అని అన్నీ నేను పెట్టిన పేర్లే. నాలుగు వందల ఫోటోలు తీసేశాం. మర్నాడు కార్ట్ వచ్చింది. తిప్పేశ్ తల ఎగరేసుకుంటూ వెళ్ళాడు. డిసెంబరులో మళ్ళీ అదే తెలుపు.

అక్కడితో నా కోపం పోయి, కుతూహలం పట్టుకుంది. ఏమిటిది, నెలకోసారి ఎందుకొస్తుంది? ప్లగిన్లంటే సైటుకి మనం తగిలించుకునే పనిముట్లనీ, రెండింటికి పడకపోతే అన్నీ ఆపేసి ఒక్కొక్కటే వేసి చూడాలనీ నువ్వే చెప్పేదానివి. అలాగే చేశాను. మామూలు రోజుల్లో అన్నీ బుద్ధిగా పనిచేశాయి. చెడిన రోజే వెతకాలని అర్థమైంది. తెల్ల పేజీ వచ్చిన రోజులు నోట్‌బుక్కులో రాసుకుంటూ ఎదురుచూశాను. జనవరిలో అది ఆదివారం వచ్చి, సెలవులో ఉండి నేను చూసేసరికే దాటిపోయింది.

మొన్న మంగళవారం దొరికింది. తెల్ల పేజీ చూసి సంబరపడ్డ దుకాణందారు బళ్ళారి మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నువ్వు నేర్పినట్టు ముందు బ్యాకప్ తీసి, ఒక్కొక్క ప్లగిన్ ఆపుతూ వచ్చాను. ఏడోది పండగ ఆఫర్ల ప్లగిన్. అది ఆపితే కార్ట్ వచ్చింది, వేస్తే పోయింది. దొంగ దొరికాడనుకున్నాను. కానీ నెలంతా మంచిగా ఉన్నది ఈ ఒక్క రోజే ఎందుకు మొరాయించాలి? దీనితో పడనిది ఇంకేదో ఉండాలి. ఫైల్ మేనేజర్లో ఒక్కో ఫోల్డరూ తెరుస్తూ పోయాను. తెర మీద ప్లగిన్ల జాబితాలో కనబడని ఒక ఫోల్డరు దొరికింది. అందులో ఒకే ఒక్క ఫైలు. ఇంగ్లీషు అక్షరాల్లో దాని పేరు కనకప్ప.

కనకప్ప మామకి అక్కడేం పని? ఫోను తలకిందులుగా పట్టుకుని మాట్లాడే మనిషి! తెరిచాను. నాలుగైదు పంక్తులు, కింద తేదీల పట్టిక. నా నోట్‌బుక్కులోని తేదీలన్నీ అందులో ఉన్నాయి. గోడ మీది క్యాలెండరు దించి చూస్తే అన్నీ అమావాస్యలు.

మామని పిలిచి, "ఏంది మామా, నీ పేరు కంప్యూటర్లో ఉండాది" అంటే తల గోక్కున్నాడు. "అమాస పొద్దు కొత్త గుడ్డకి కత్తెర పెట్టేది మా వంశంలోనే ల్యాదమ్మా. నీకి చెప్తే నగుతావు. అందుకే రాజశ్రీకి చెప్పినా. ఆ పొద్దు వచ్చిన ఆర్డరుకి కటింగు మర్నాడు పడేట్టు చేస్తా, అంబికకి చెప్పొద్దు అనింది" అన్నాడు.

నిజమే, నవ్వేదాన్ని. నాకు చెబితే ఆ ముసలాయన్ని అందరిలో ఆట పట్టిస్తానని నీకు తెలుసు. నీ ఫైలు అమావాస్య రోజు కటింగ్ తేదీని మర్నాటికి జరుపుతుంది. ఆఫర్ ప్లగిన్ డెలివరీ లెక్క కోసం అదే తేదీని పట్టుకుంటుంది. ఇద్దరూ చెరోవైపు లాగితే పేజీ పడిపోయింది. ఏ ఒక్కటి తీసేసినా బాగానే ఉంది. రెండు రకాలుగానూ చూశాను.

ఆఫర్ ప్లగిన్ తీసేశాను. కనకప్ప ఫైలు ఉంచాను. ఆ రోజు నీ తప్పేమీ లేదు రాజశ్రీ. నోటికొచ్చినట్టు మాట్లాడాను, క్షమించు. నువ్వు లేక నాకేమీ బాగాలేదు. ఆ పట్టికలో తేదీలు ఉగాది ముందు అమావాస్యతో అయిపోతాయి. కొత్త పంచాంగం కొంటాను గానీ, దాన్ని చూసి నీ ఫైల్లో చెయ్యి పెట్టాలంటే భయంగా ఉంది.

మీ నాన్న పున్నయ్య గారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నిన్ను మాటలు అని పోగొట్టుకున్న
అంబిక.

తా.క.: నిన్న మడిచిపెట్టిన ఉత్తరం ఇవాళ మళ్ళీ విప్పాను. ఆఫర్ ప్లగిన్ ఎవరు వేశారో రాయకుండా దాటేశాను. నేనే వేశాను. పండగ ముందు కొత్తవేవీ తగిలించొద్దని నువ్వు అంతగా చెప్పినా, ముందు రోజు నీకు తెలియకుండా వేశాను. అప్పుడు బాగానే పనిచేసింది. దీపావళి పొద్దున నువ్వు నన్ను అడిగిన మొదటి మాట, కొత్తగా ఏమైనా వేశావా అని. లేదన్నాను. నువ్వు ప్లగిన్ల జాబితా తెరవబోతే దొరికిపోతానని ల్యాప్‌టాప్ మూసేసి, అరవడం మొదలుపెట్టాను. నువ్వే చెడగొట్టావని నేను నిజంగా నమ్మింది మర్నాటి నుంచి. ఆ క్షణంలో మాత్రం నన్ను నేను దాచుకోవడానికే అరిచాను.

ఇవాళ పొద్దున మిషన్లు ఆపించి, ఆ రోజు ఉన్నవాళ్ళందరి ముందూ ఈ మాట చెప్పాను. కనకప్ప మామ ఒక్కడే, "అప్పుడే చెప్పింటే ఆ యమ్మ ఈడే ఉంటాండె గదమ్మా" అన్నాడు. తర్వాత లేచి, నీ కుర్చీ మీది జిప్పుల డబ్బా తీసి కింద పెట్టాడు.