కల్లం మీద వాన

ప్రత్తిపాడు, 1961 మార్చి 14, మంగళవారం

సాయంత్రం కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న చిన్ననాటి నేస్తం మస్తాన్‌కి నా నవలలో ఏడో ప్రకరణం చదివి వినిపించాను. మూడేళ్లుగా రాస్తున్నదాంట్లో నాకు బాగా నచ్చింది అదే. కల్లంలో కాయలు ఎండుతుంటాయి. వాన మొదలవుతుంది. నా కథానాయిక చేతులు చాచి ఆనందంగా తడుస్తుంది.

మస్తాన్ పని ఆపాడు. "ఒరేయ్, ఆ పిల్లకి మతి ఉందా? కాయలు కుప్పేసి పట్టాలు కప్పకుండా గంతులేస్తుందా? తడిస్తే కాయంతా తెల్లబడి తాలైపోదూ! నువ్వు రైతు కడుపునే పుట్టావట్రా?"

నవ్వబోయాను, నవ్వు రాలేదు. నిరుడు వాన వచ్చినప్పుడు ఇదే కల్లంలో పట్టాల కోసం వాడితోపాటు నేనూ పరుగెత్తాను. అది నవలలో ఎక్కడా లేదు.

ఆ వానని నాకిష్టమైన ఒక నవలలోంచి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి ఆ పుస్తకం తీశాను. అందులో పిల్ల తడిసే ముందు, వాకిట్లో ఎండుతున్న పిడకలన్నీ లోపలికి చేరవేస్తుంది. ఇంతకుముందు పదిసార్లు చదివాను. ఆ పిడకలు ఇవాళే కనిపించాయి.

ఏడో ప్రకరణం కొట్టేశాను. మస్తాన్ రేపు మొదటిది తెచ్చి చదవమన్నాడు. అది పత్తి చేలో మొదలవుతుంది. ఆ చేను ఏ పుస్తకంలోదో ఇప్పుడు వెతకాలి.