అంచు కత్తిరించిన ఫోటో

కోట,
శుక్రవారం.

చిరంజీవి సాయిలక్ష్మికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. నువ్వు హాస్టల్లో వేళకు తింటూ, కంటి నిండా నిద్రపోతున్నావనుకుంటాను. మీ కాలేజీలో ఫోన్ ఒప్పుకోకపోవడం ఒకందుకు మంచిదే. ఇవాళ చెప్పేది ఫోన్లో నా నోటికి వచ్చేది కాదు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది. మేడమెట్లు ఎక్కుతూ నన్ను తిట్టగలుగుతోంది. నిమ్మకాయ ఊరగాయ అడిగావు. నిమ్మతోటల గూడూరులో ఉండి నిమ్మకాయ మన ఇంటి నుంచి కావాలా? సరేలే, వచ్చినప్పుడు తెస్తాను.

ఇక మన బడి స్వర్ణ మేడం ఎలా ఉన్నారన్నావు. రెండు పేజీల ఉత్తరంలో ఆమె పేరు ఐదుసార్లు రాశావు. నన్ను రెండుసార్లు తలుచుకున్నావు, అందులో ఒకటి ఊరగాయ కోసం.

మేడం బాగుంది. మరీ బాగుంది. నువ్వు వెళ్ళాక ఆమె మన బడి వరండాలో ‘నిజమా?’ అని ఒక బోర్డు పెట్టింది. ఫోన్లలో తిరిగే వార్తలను పిల్లలు దాని మీద రాస్తారు. మొదట ఎవరు చెప్పారు, ఎప్పటిది, ఇంకెక్కడైనా వచ్చిందా అని పక్కన మూడు గడులు. ప్రార్థన తర్వాత మైకులో వార్తలు చదివించేది నేను కదా. ఇప్పుడు నేను వార్త రాసిస్తే, చదివే పిల్ల “మేడంను ఒకసారి అడిగొస్తా సార్” అంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ దగ్గర దాచడం ఎందుకు, కుళ్ళుకున్నాను తల్లీ.

సోమవారం నా ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. ఒడ్డున చచ్చిన చేపల కుప్పలు, పక్కన ఒక పడవ. మన సముద్రంలో విషం కలిసిందని, చేపలు తినొద్దని కింద రాసి ఉంది. మేడం బోర్డు మీద అది ఇంకా లేదు. ఆమె కంటే ముందు నేనే చెప్పాలనిపించింది. ప్రింటు తీయించి నోటీసు బోర్డుకు అంటించి, మైకులో చదివించాను. మన మైకు సంగతి నీకు తెలుసు, జాలర్ల పల్లెపాళెం దాకా వినిపిస్తుంది.

ఆ రోజు మనకు చేపలు తెచ్చే అంకాలమ్మ నిండు గంపతోనే ఇంటికి తిరిగిపోయింది. మీ అమ్మ కూడా కొనలేదు. మర్నాడూ అంతే. పాడైపోతాయని అన్నీ ఉప్పు పట్టించి ఎండేసింది.

బుధవారం ఆమె మనవరాలు, ఎనిమిదో తరగతి బిందు నా దగ్గరికి వచ్చింది. “సార్, మేడం ఫోన్లో ఇదే ఫోటో పెద్దదిగా ఉంది. పడవ ముక్కు మింద నంబరు చూసినాం. అది మన రాష్ట్రం పడవ కాదు సార్. మా నాయన పడవకు ఏపీ అని ఉంటాది” అంది. మత్స్యశాఖ ఆఫీసుకు కూడా ఫోన్ చేసి అడిగారట. మన తీరంలో అలాంటిదేమీ లేదన్నారట. పిల్లలు బోర్డు మీద ‘అబద్ధం’ అని రాశారు. ‘మొదట ఎవరు చెప్పారు’ గడి మాత్రం ఖాళీగా వదిలేశారు. నా మీద గౌరవం.

“సార్‌కి ఆ ఫోటో అంచు లేకుండానే వచ్చింటాది. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది” అని మేడం వాళ్ళతో అనడం విన్నాను. ఆ మంచితనానికి నాకు ఇంకా మండింది.

ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు. ఆ నంబరు నాకు సోమవారమే కనిపించింది. ఇన్నేళ్ళు పల్లెపాళెం పిల్లలకు చదువు చెప్పినవాణ్ణి, పడవ నంబరు తెలియదా? ప్రింటులో ఆ అంచును కత్తెరతో కత్తిరించింది నేనే.

నిన్న ఉదయం ఖాళీ గడిలో నా పేరు రాశాను. బిందు పక్కనే నిలబడి ఉంది.

“పొరపాటున చెప్పినారు కదా సార్?”

“లేదు పాపా. నంబరు చూసే కత్తిరించినా. మీ అవ్వకు నేనే వచ్చి చెప్తా.”

ఆ పిల్ల తల వంచుకుని తరగతిలోకి వెళ్ళిపోయింది. సాయంత్రం అంకాలమ్మ ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఎండు చేపలు తిరగేస్తూ అంతా వినింది.

“సరేలే అయ్యోరా, రేపు గంప తెస్తా. అయితే చేపలు తినొచ్చునని ఆ మేడం చేత బోర్డు మింద రాయించు. నువ్వు చెప్తే ఇంక ఎవురూ నమ్మరు” అంది.

ఇవాళ మేడం దగ్గరికి వెళ్ళి, కత్తెర సంగతి చెప్పి, ఆ మాట రాసిపెట్టమని అడిగాను. రాసింది. నేను చాక్‌పీసుల డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాను.

ఇట్లు,
కుళ్ళు ఇంకా పూర్తిగా పోని మీ నాన్న,
గిరిబాబు